సేనాపతి నిర్దోషి

అబ్బే, అలా కాదు వదినగారూ. మూడోసారి చెప్తున్నా. మిగతా తొమ్మిది పుస్తకాలూ మీ ఇష్టం, నేను నోరెత్తను. ఆ మొదటిదొక్కటీ కొట్టేయండి. ఎర్ర కలం చేతిలోనే ఉంది కదా, ఒక్క గీత. ముప్పై ఏళ్ళు పిల్లల జవాబుల మీద గీసిన చెయ్యి, ఇప్పుడేం నొప్పొచ్చింది దానికి?

ఎందుకా? చెప్తే గాని గీయరా? తుప్పు పట్టిన తాళమైనా ఇంతకన్నా తొందరగా తెరుచుకుంటుంది!

సరే, కూర్చుంటా. కూర్చోమని ఇప్పటికన్నారు. గుమ్మంలోకొచ్చి పది నిమిషాలైంది. పర్వాలేదులెండి, వియ్యపురాళ్ళం, మన మధ్య మర్యాదలేంటి. నేనేం పట్టించుకోను. ఊరికే గుర్తుపెట్టుకుంటా, అంతే.

అది కాదండీ, రేపు పొద్దున తొమ్మిదింటికి ఈ చీటీ లైబ్రరీ బోర్డు మీదికెక్కుతుంది. పైన పెద్ద అక్షరాల్లో 'తప్పక చదవవలసిన చారిత్రక అపరాధ పరిశోధన నవలలు' అని. అమ్మో, ఆ ముక్క పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. రాజులనాటి హత్యల కథలు అంటే సరిపోదూ? కింద మీ పేరు. పేరు కింద 'విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు'. దానికి ఇంకో ఊపిరి.

పదిన్నరకి పాఠకుల మీటింగు. మీరు లేచి ఆ మొదటి పుస్తకం గురించి మాట్లాడతారు. ఏటా మాట్లాడేదే. కాకపోతే ఈసారి దాన్ని మళ్ళీ అచ్చేశారు, కొత్త ప్రతులు అయిదొచ్చాయి. తెప్పించింది మీరు, అట్టలేసింది నేను. మీరు మాట్లాడి కూర్చోగానే అయిదుగురు అయిదు పుస్తకాలూ ఎగరేసుకుపోతారు. ఎగరేసుకుపోయి చదువుతారు.

అదీ నా భయం. చదువుతారు.

నవ్వండి, నవ్వండి. పాఠకులు చదువుతారని భయపడే మనిషిని ఎక్కడైనా చూశామా అని కదూ? చూడండి, మీ ఎదురుగానే కూర్చుంది.

ఆ చోట్లో పెట్టడానికి ఇంకో పుస్తకమే లేదా ఏంటి? నేను చెప్తా, రాసుకోండి.

ఆ ఓడ కథ ఉంది చూశారూ, నీలం క్యాలికో బట్ట వేసి కుట్టాను, వెన్ను మీద బంగారు గీత. అందులో ఉప్పు వర్తకుడు ఓడ అడుగున మూటల మధ్య చచ్చి పడుంటాడు. ఓడేమో నడిసముద్రంలో. దిగి పారిపోయినవాడు లేడు, కొత్తగా ఎక్కినవాడు లేడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఒడ్డుకి చేరాలి. అది పెట్టండి మొదట.

అది మంచిదని నాకెలా తెలుసనా? అడగండి, మొహమాటమెందుకు. ఈవిడకి పేపర్లో బొమ్మ కింద రెండు ముక్కలు చదవడానికి ఒక పూట పడుతుంది, ఈవిడా నాకు పుస్తకాలు చెప్పేది అని మీ కళ్ళజోడు మీద రాసుంది. ఆ మాత్రం నేనూ చదవగలను.

చదివితేనే తెలుస్తుందా వదినగారూ? వంట ఎలా ఉందో తిన్నవాళ్ళ కంచం చూస్తే తెలీదూ? నా దగ్గరికి పుస్తకాలు చిరిగాక వస్తాయి. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ నల్లబడిందో చూస్తే చాలు. ఆ ఓడ కథలో నడిమి పేజీల అంచులన్నీ వేళ్ళ మురికి. కానీ ఒక్క పేజీకైనా మూల మడిచి ఆపిన గుర్తుందా? లేదు. అంటే ఏంటి? పట్టుకున్నవాళ్ళు వదల్లేదు. మూడు చోట్ల కూర మరకలు కూడా ఉన్నాయి. తింటూ కూడా కింద పెట్టలేదు మహానుభావులు!

ఇక రెండోది, నాణేలు పోసే టంకశాల కథ. అచ్చులు చెక్కే ముసలాయన చచ్చిపోతాడు, ఆయన ఆఖరున చెక్కిన నాణెం మీద రాజుగారి ముక్కు వంకరగా ఉంటుంది. ఆ వంకరే ఆనవాలు. అయితే తొందరపడేవాళ్ళకి దాన్నివ్వకండి. మొదటి నలభై పేజీలు అరిగి ఆకుల్లా అయిపోయాయి, ఆ తర్వాత పుస్తకమంతా నిన్న కొన్నట్టుంది. సగం మంది అక్కడే దిగిపోయారన్నమాట. కానీ ఆ నలభై దాటినవాళ్ళున్నారు చూశారూ, వాళ్ళు ఆఖర్న ఏడ్చారు. గ్లాసు ఒలికితే కాగితం ఉబ్బే తీరు వేరు, చుక్కచుక్కగా పడితే ఉబ్బే తీరు వేరు. నా చేతికి తెలుస్తుంది.

మీ చీటీలో అయిదోది మాత్రం అసలు తీసి అవతల పారేయండి. అదే, పట్టపురాణి ముక్కెర పోయిన కథ. చివరి పేజీలు మల్లెపువ్వులా ఉన్నాయి. అక్కడిదాకా వెళ్ళినవాడే లేడు. మీరూ వెళ్ళలేదు.

వెళ్ళారా? నిజంగా? మరి మీ బొటనవేలు లేదే అక్కడ?

ఏ బొటనవేలా! చెప్పమంటారా? వద్దులెండి. పెద్దవారు.

సరే, మీరడిగారు కాబట్టి. లైబ్రరీలో అదొక్కటి తప్ప ప్రతి హత్యల పుస్తకానికీ ఆఖరి పేజీ కింద, కుడి మూల, ఎర్ర సిరా బొటనవేలు. మొదటి పేజీ మీద ఉండదు. మధ్యలో ఎక్కడైనా ఉంటే లేతగా ఉంటుంది. ఆఖరి పేజీ మీద మాత్రం చిక్కగా, నిగనిగలాడుతూ! అంటే సిరా ఆరకముందే పడిందన్నమాట. బడి నుంచి వచ్చి, సంచీ కూడా కింద పెట్టకుండా, ముందు హంతకుడెవరో చూసుకున్నాకే మీరు పుస్తకం మొదలుపెడతారు!

దగ్గు రాలేదు మీకు, నాకు తెలుసు. మంచినీళ్ళు తాగండి.

మీటింగులో ఎవరైనా నోరు జారి చివర ఏమవుతుందో చెప్పబోతే బెత్తం తీసినంత పని చేసేది ఎవరో? 'పాఠకుడి ఆనందాన్ని దొంగిలించకండి' అని పాఠం చెప్పేది ఎవరో? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇప్పుడు ఆ వేలు చీర కొంగులో దాచుకుంటున్నారు చూడండి! ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నా వదినగారూ. ఒక్కరికి చెప్పానా? మా ఆయనకి చెప్పా. ఆయన లెక్కలోకి రాడు.

అందుకే ఆ మొదటి పుస్తకమంటే మీకంత ప్రాణం. ఆఖరి పేజీ ముందే చూసేసినా హంతకుడు దొరకని పుస్తకం అదొక్కటే కదా. 'నేరం చేసినవాడు శిక్ష తప్పించుకుని హాయిగా గుర్రమెక్కి తిరిగే ఏకైక నవల' అని ఇదిగో, చీటీ మీద కూడా రాశారు. మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నాకు తొందరగానే అందుతాయి.

ఆ ముక్క రేపు బోర్డెక్కితే కొంప మునుగుతుంది.

ఎందుకంటే... ఆగండి. దానికన్నా ముందు ఒక పాత సంగతుంది. అది తేలకుండా ఇది తేలదు.

మీ అబ్బాయీ మా అమ్మాయీ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టిన రోజు. సాక్షి సంతకం నాది. నేను కలం పట్టుకుని కూడబలుక్కుంటూ నా పేరు రాస్తున్నా. ఆరు అక్షరాలు. నాలుగో అక్షరం దగ్గర మీరన్నారు, 'తొందరేం లేదు వదినగారూ, ఆఫీసు అయిదింటిదాకా ఉంటుంది' అని.

అందరూ నవ్వారు. మీ అబ్బాయి నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు! ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆయనకి ఆ వారం హాయిగా గడిచిందట, అది వేరే సంగతి.

గుర్తులేదా? ఎందుకుంటుంది? అన్నవాళ్ళకి అది గాలి, పడ్డవాళ్ళకి గాటు.

వద్దు, ఇప్పుడేం అనకండి. ఇరవై రెండేళ్ళు మోశాను, ఇంకో పావుగంట మోయలేనా? వినండి ముందు.

ఆ నెలలోనే వచ్చింది ఆ పుస్తకం. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సంచిలో కుక్కి లైబ్రరీకి ఇచ్చారు. పుస్తకం అనకూడదు దాన్ని. కింది అంచంతా చెదలు తినేసింది. పేజీ నంబరు ఉండేది అక్కడే. వెన్ను ఊడి, కుట్లు తెగి, ఫారాలన్నీ పేకముక్కల్లా కలిసిపోయాయి. ఫారం అంటే పదహారు పేజీల మడతండీ. అలాంటివి పదిహేను వరసలో పెట్టి కుడితే ఆ పుస్తకం.

మీరైతే రెండు వాక్యాలు చదివి దేని తర్వాత ఏదో చెప్పేస్తారు. నేనేం చేస్తా? అధ్యాయం అంకె కనిపించినవన్నీ అంకెని బట్టి పెట్టా. అంకెలు నాకు బాగానే వచ్చు, ఎవరూ నవ్వక్కర్లేదు. నాలుగు ఫారాలు మిగిలాయి. వాటిలో ఎక్కడా అంకె లేదు, చీమల బారులా ఒకటే మాటలు. వాటిని మా నాన్న నేర్పిన పద్ధతిలో పెట్టా. మురికిని బట్టి.

అవునండీ, మురికే. ముక్కు చిట్లించకండి. ఏ పుస్తకమైనా ముందు ఫారాలు నల్లగా ఉంటాయి, పోనుపోను తెల్లబడతాయి. మొదలెట్టిన వాళ్ళంతా ముగించరు కదా. పాఠాల పుస్తకమైనా అంతే, పద్యాల పుస్తకమైనా అంతే. మనుషులు అబద్ధం చెప్తారు గాని మురికి చెప్పదు అనేవాడు మా నాన్న. నలభై ఏళ్ళలో నాకూ చెప్పలేదు, ఒక్కసారి తప్ప.

ఆ నాలుగింట్లో ఒక ఫారం బొగ్గులా ఉంది. ఇంకేం, ముందుదే అనుకున్నా. మూడోదిగా పెట్టి కుట్టేశా.

అది పధ్నాలుగోదండీ!

దొరగారి హత్య కూపీ లాగే లేఖకుడు, అందర్నీ సభలో కూర్చోబెట్టి గుట్టంతా విప్పే చోటు. హత్యల పుస్తకంలో జనం ముందుగా వెతుక్కునేది అదే కదా. లోకమంతా మీలాంటివాళ్ళే! ప్రతివాడూ దొంగచాటుగా అక్కడ వేలు పెట్టాడు, అది నల్లబడింది. నాకేం తెలుసు? అప్పటికి హత్యల పుస్తకం కుట్టడం నాకదే మొదటిసారి.

అడగొచ్చు కదా అంటారా?

అక్కడికే వస్తున్నా. ఆ పూట మీరు నాకు పదడుగుల దూరంలో ఉన్నారు. లైబ్రరీ కిటికీ పక్క కుర్చీలో, కాళ్ళు బల్ల కింద చాపుకుని. 'వదినగారూ, వీటిల్లో ఏది ముందు?' అంటే అయిపోయేది. లేచా కూడా. నాలుగు ఫారాలూ పట్టుకుని నాలుగడుగులు వేశా. 'ఆఫీసు అయిదింటిదాకా ఉంటుంది' అని చెవిలో ఎవరో అన్నట్టనిపించింది. వెనక్కొచ్చి సూదిలో దారం ఎక్కించా.

ఇప్పుడర్థమైందా? ఇంకా లేదా? అయితే మీకు కంఠతా వచ్చిన ముక్కే చెప్పండి. అదే, మీటింగులో ఏటా పైకి చదువుతారే. నేనే చెప్తాలెండి. 'దొరగారి పాలగిన్నెలో విషం కలిపింది ఎవరో కాదు' అని పేజీ ముగుస్తుంది. మీరు అక్కడ ఆగుతారు. అందర్నీ ఒకసారి చూస్తారు. పేజీ తిప్పుతారు. 'సేనాపతి!'

ఆ సేనాపతి అప్పుడే గుర్రం దిగి లోపలికొస్తున్నాడండీ, పాపం! రెండో ఫారం చివర 'కోట తలుపు తీయగానే ఎదురుగా కనిపించింది' అని ఉంటుంది. దాని తర్వాత రావాల్సిన మాట 'సేనాపతి'. మధ్యలో నేను పదహారు పేజీలు దూర్చా. తలుపు దగ్గర నిలబడ్డవాడి మెడకి విషం గిన్నె తగిలించా.

మరి విషం కలిపిందెవరా? ఆస్థాన వైద్యుడు. 'ఎవరో కాదు' తర్వాత రావాల్సిన మాట 'నేనే'. 'నేనే, అన్నాడు వైద్యుడు'. ఆ మాట ఆఖరి ఫారం మొదట్లో ఉంది.

ఉంది కదా మన పుస్తకంలో కూడా అంటారా? ఉంది! దాని ముందు పేజీలో రాణి 'ఎవరు వెళ్తారు?' అని అడుగుతుంది. ఆవిడ అడిగింది సాక్షిని పిలుచుకు రావడానికి ఎవరు వెళ్తారని. నా కుట్టు వల్ల ఏమైంది? 'ఎవరు వెళ్తారు?' అని రాణి అడిగితే 'నేనే' అని వైద్యుడు తలవంచుకుని కోట దాటి వెళ్ళిపోయాడు. మీరు దాన్ని పట్టుకుని ముప్పావుగంట మాట్లాడారు. చేయని నేరానికి తనే వెలివేసుకున్న త్యాగమూర్తి అన్నారు. మందుల షాపు పెద్దాయన లేచి నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. 'మా వృత్తికే వన్నె తెచ్చాడు' అని! విషం కలిపినవాడికండీ ఆ కన్నీళ్ళు!

నవ్వొస్తోంది కదూ? నవ్వండి. నేను తలుపు పక్కన నా బల్ల దగ్గర కూర్చుని, జిగురు డబ్బాలో తల పెట్టి ఎంత నవ్వానో. అప్పటికి సంగతి పూర్తిగా తెలీదు, కానీ ఆ ఫారాల వరస ఎక్కడో తప్పిందని మాత్రం అనుమానం. ఆ ఎర్ర క్యాలికో వెన్ను చూసినప్పుడల్లా చెయ్యి దురదపెట్టేది.

ఇక్కడి నుంచి నవ్వొద్దు.

మిలిటరీ ఆయన గుర్తున్నాడా? కాలు కొంచెం ఈడుస్తాడు, టోపీ తీయడు. మూడో ఏడు మీటింగులో లేచాడు. 'టీచరుగారూ, ఇది పొసగట్లేదు. విషం కలిపిన పూట సేనాపతి పొలిమేరలో కాపలా ఉన్నాడని ఏడో అధ్యాయంలో ఉంది. మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు?' అన్నాడు. మీరేమన్నారు?

గుర్తు తెచ్చుకోండి. నేను చెప్పను.

సరే, నేనే చెప్తా. 'పుస్తకం చదవడం కవాతు కాదండీ, మనసు పెట్టాలి' అన్నారు. గది గదంతా పకపకలాడింది. ఆయన తెచ్చుకున్న కాగితం నాలుగు మడతలు పెట్టాడు. దాని మీద ఏ పేజీలో ఏముందో రాసుకొచ్చాడు పాపం, నాకు నా బల్ల దగ్గర్నుంచి కనిపించింది. జేబులో పెట్టుకుని బయటికెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా గదిలో అడుగు పెట్టలేదు. వరండాలో బెంచీ మీద పేపరు చదువుకుంటాడు, అది చదవగానే పోతాడు. పందొమ్మిదేళ్ళు, వదినగారూ!

నాకు ఆయన నడక చూసి జాలేసింది అనుకోకండి. నాకు ఆ నవ్వు తెలుసు. రిజిస్ట్రారు ఆఫీసులో విన్న నవ్వే.

అప్పుడు తీసుకెళ్ళా పుస్తకాన్ని ఇంటికి. జిగురు ఊడిందని అబద్ధం చెప్పి. వేలు పెట్టి ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం కలిపి ఒక్కో మాట. ఏడు నెలలు పట్టింది. నాలుగుసార్లు కూర మాడింది. 'ఈ వయసులో ఎందుకే నీకిది' అని మా ఆయన గోల. 'మీరూరుకోండి, ఇక్కడ ఒక మనిషి మీద హత్యానేరం ఉంది' అన్నా.

తేలింది. ఏ ఫారం ఎక్కడుండాలో, సేనాపతి ఎవరో, వైద్యుడు ఎవరో అంతా తేలింది. పుట్టి బుద్ధెరిగాక నేను అట్ట నుంచి అట్ట దాకా చదివిన పుస్తకం అదొక్కటే. మీ బృందంలో ముప్పైమంది. పట్టాలున్నవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు. ఆ కథ సరిగ్గా చదివిందెవరయ్యా అంటే, మిలిటరీ ఆయన సగం, సంతకానికి సాయంత్రందాకా పట్టే మనిషి పూర్తిగా!

ఆ ఒక్క ముక్క మీకు చెప్పాలని ఎంత ఉబలాటపడ్డానో. మనవడి పుట్టినరోజున మీ పక్కనే కూర్చున్నప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశా. కొన్ని రహస్యాలు చెప్తే ఒక్కసారే రుచి, దాచుకుంటే రోజూ రుచి.

ఇప్పుడెందుకు చెప్తున్నానా?

కొత్త పుస్తకాలండీ! వాటిని మిషను కుట్టింది. మిషనుకి పౌరుషాలుంటాయా, వియ్యపురాళ్ళుంటారా? అన్నీ వరసగా పెట్టి కుట్టేసింది. ఎవడో కుర్రకారు ఒక్కరోజులో చదివేసి, ఎల్లుండి పొద్దున బోర్డు ముందు నిలబడి మీ ముక్క చదువుతాడు. 'నేరం చేసినవాడు తప్పించుకునే ఏకైక నవల' అట! హెడ్మాస్టరమ్మ ఇరవై రెండేళ్ళు పుస్తకం చదవకుండానే పాఠం చెప్పింది అంటారు. మీ పేరు చెప్పి నవ్వుతారు. మీరు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటే వెనక నుంచి నవ్వుతారు.

వాళ్ళెవరండీ నవ్వడానికి? మిమ్మల్ని చూసి నవ్వే హక్కు నాది. దానికోసం ఇరవై రెండేళ్ళు కష్టపడ్డాను నేను! దారినపోయేవాళ్ళు వచ్చి ఊరికే నవ్వి పోతామంటే ఊరుకుంటానా?

ఏంటి ఆ చూపు? నన్ను కరిగించాలని చూడకండి. నేను కరగను. మీ మీద కోపం అలాగే ఉంది. అది ఒక పక్క, ఇది ఒక పక్క.

అయ్యో, మొత్తం చీటీ చింపేస్తారేంటి? ఓడ కథ ఉంది దాన్లో! టంకశాల ఉంది! ఇటివ్వండి. వేరే కాగితం మీద రాద్దాం. నేను చెప్తా, మీరు రాయండి. ఆ పుస్తకాన్ని కూడా రాయండి, మొదట కాదు, ఆఖర్న. మంచి పుస్తకమేనండీ అది, సరిగ్గా కుడితే.

ఎక్కడికి లేచారు?

మిలిటరీ ఆయన ఇంటికా? ఇప్పుడా? ఇంత ఎండలో?

కూర్చోండి వదినగారూ. క్షమాపణ చెప్పాల్సింది మీరు కాదు. అంటే, మీరూ చెప్పాలి, కవాతు మాట మీది. కానీ పుస్తకం మాట నాది. ఆయన రుజువు కాగితం మీద రాసి తెచ్చుకున్నాడు. ఏడు నెలలు చదివాక నా దగ్గరా రుజువుంది. వరండాలో ఆయన బెంచీ పక్క నుంచే రోజూ వెళ్తాను, రోజూ వస్తాను. 'మీరన్నది నిజమేనండీ' అని ఒక్క మాట. అనలేదు.

ఏమన్నారు? వినపడలేదు. మెల్లగా అంటే నాకు వినపడదు.

ఆ... అదా! సరిచేయచ్చు కదా అనా?

చేయచ్చు. గంట పని. వెన్ను విప్పి, మూడోదాన్ని తీసి, పధ్నాలుగో చోట పెట్టి మళ్ళీ కుట్టడమే. మీకు తెలిసేదే కాదు. రెండుసార్లు కత్తెర పట్టుకుని కూర్చున్నా కూడా. మీ మీద కోపంతో ఆపానని చెప్తే మీరు నమ్మేస్తారు. నేనూ ఇన్నాళ్ళూ అదే నమ్మాను.

కాదండీ.

నలభై ఏళ్ళు కుట్టాను. ఎన్ని వేల పుస్తకాలో. ఏ ఒక్క ఫారం తలకిందులు కాలేదు, ఏ ఒక్క కుట్టు జారలేదు. ఏ ఒక్కరైనా ఈ పుస్తకం భలే కుట్టావమ్మా అన్నారా? ఎందుకంటారు, సరిగ్గా కుడితే కుట్టు కనిపించదు. పుస్తకం తెరిస్తే అందరికీ రాసినవాడే కనిపిస్తాడు. ఆ ఒక్కదాన్ని తప్పు కుట్టా. అందరూ లేచి నిలబడ్డారు. ఏటా. మీరు పేజీ తిప్పి 'సేనాపతి!' అనగానే గదంతా చప్పట్లు. ఆ పేజీ తర్వాత ఈ పేజీ పెట్టిందెవరు? రచయితా? ఆయన పెట్టలేదు. నేను పెట్టా.

ఆ చప్పట్లు నావండీ. ఎలా విప్పమంటారు?

అందుకని ఒక మనిషిని పందొమ్మిదేళ్ళు వరండాలో కూర్చోబెట్టా. అంతే సంగతి. ఏం చేస్తాం, రేపటి నుంచి వేరే పుస్తకానికి కొడతారు చప్పట్లు.

చెప్పులేసుకోండి. ముందు నేను మాట్లాడతా, మీరు మధ్యలో దూరకండి.